డైరీలో నేను రాయని అంకెలు

గౌలిపురాలో మా ఇంట్లో ఒక ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే కుడిచెయ్యి మాట వినలేదు. డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని. నా మాట ఎవరూ వినకపోవడం అలవాటే కాబట్టి పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి తలనొప్పి, వాంతులు. ఎమ్మారైలో మెదడులో ఐదు మచ్చలు కనిపించాయి. బయాప్సీలో మూలం ఊపిరితిత్తుల్లో ఉందని తేలింది. నేను సిగరెట్ ముట్టనివాడిని. క్యాన్సర్ ఆ సంగతి విచారించినట్టు లేదు.

రేడియేషన్, మాత్రలు కలిసి ఎనిమిది నెలలు ఆపాయి. మచ్చలు మళ్లీ పెరిగాయి. అప్పుడు డాక్టరమ్మ, మందును రోగుల మీద పరీక్షించి చూసే ట్రయల్ గురించి చెప్పింది.

"మందు పాతదే సార్, షెడ్యూల్ కొత్తది. వారంలో రెండు రోజులు హై డోస్, ఐదు రోజులు లో డోస్. మెదడులోకి మందు ఎక్కువ చేరుతుందేమో చూస్తున్నాం. మీ బ్యాచ్‌లో ముగ్గురూ తట్టుకుంటే తర్వాతి బ్యాచ్‌కి డోస్ పెంచుతాం."

సంతకం పెట్టాను. తర్వాతి బ్యాచ్‌లో ఖలీల్ భాయ్ ఉన్నాడు. ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి వ్యాపారి. ఓపీ బెంచీ మీద పక్కన కూర్చునేవాడు.

"ఎట్లుంది సార్ మందు?"

"మస్తుంది భాయ్. బాత్రూమ్‌తోని దోస్తీ అయింది."

ఆయన కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

నిజానికి హై డోస్ రోజుల్లో తొమ్మిదిసార్లు విరేచనాలయ్యేవి. నోరంతా పుండ్లు. మందు తెచ్చే బాధలు రోజూ రాయమని ఆస్పత్రి ఇచ్చిన డైరీలో మాత్రం "పర్వాలేదు" అని రాశాను. ఎట్లున్నవని అడిగితే బాగున్ననడం మా గల్లీ మర్యాద. పైగా నిజం చెబితే ట్రయల్ నుంచి తీసేస్తారని భయం. నర్సు దాన్ని గ్రేడ్ వన్, అంటే స్వల్పం అని ఎక్కించుకుంది.

ఖలీల్ భాయ్ బ్యాచ్‌కి డోస్ పెంచారు. పదిహేను రోజులకు ఆయన డీహైడ్రేషన్‌తో, కిడ్నీలు దెబ్బతిని ఐసీయూలో చేరాడు. ఆ మాట విన్న నా భార్య సుజాత నన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

"మేడమ్, ఆ డైరీ నమ్మకుండ్రి. తొమ్మిదేసి సార్లు పోతుండు. క్యాలెండర్ మీద నేను గీతలు పెట్టిన. మీకు అంతా చెప్పినని నాతోని అబద్ధమాడిండు."

డాక్టరమ్మ డైరీ పేజీలు తిప్పింది. "సార్, మీ ముగ్గురూ చెప్పినదాన్ని బట్టే ఖలీల్ గారి డోస్ పెట్టాం."

ఖలీల్ భాయ్ ఐసీయూ నుంచి ప్రాణాలతో ఇంటికి రాలేదు. మందు వల్లనా, క్యాన్సర్ వల్లనా అని అడిగితే, "రెండూ కావచ్చు" అంది డాక్టరమ్మ. ఉస్మాన్‌గంజ్ వెళ్లి ఆయన తమ్ముడికి డైరీ సంగతంతా చెప్పాను. అతను కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

"మీ జోకులు ఇంట్ల అందరికి చెప్పి నవ్వేటోడు సార్, మా భాయ్."

తిట్టి ఉంటే బాగుండేది.

నా డోస్ తగ్గించారు. మూడు మచ్చలు చిన్నవయ్యాయి, రెండు అలాగే ఉన్నాయి. మీరు ట్రయల్‌లో ఉంటే బాత్రూమ్‌కి ఎన్నిసార్లు వెళ్లారో అంకె వేసి రాయండి. సిగ్గనిపిస్తే ఇంట్లోవాళ్లతో రాయించండి. ఆ అంకె చూసే తర్వాతి మనిషికి డోస్ పెడతారు.