కాకితో కొలిచిన సీగల్స్

ఆ ఏడాది నేను దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్తున్నాను. అక్కడ నేను సంపాదించిన జ్ఞానానికి మొదటి బాధితురాలు మా అమ్మమ్మ.

కాకినాడ నుంచి వచ్చి మాతో ఉంటున్న అమ్మమ్మ రోజూ పొద్దున్నే సరూర్‌నగర్ చెరువు దాకా ఒక్కతే నడిచి వచ్చేది. చలికాలంలో ఒకరోజు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ప్రకటించింది.

"చెరువు మీదకి మా సముద్రం పక్షులు వచ్చాయే!"

అమ్మ నావైపు చూసింది. నేను కోచింగ్ మెటీరియల్ తెరిచి చూపించాను. సీగల్, నివాసం: సముద్ర తీరం. హైదరాబాద్‌లో సముద్రం లేదు, కాబట్టి సీగల్ లేదు.

అంతే. అమ్మమ్మకి మతి తప్పుతోందని అమ్మ తేల్చేసింది. రేపు దారి కూడా మర్చిపోతే ఎవరు వెతుకుతారని అమ్మమ్మ దగ్గరుండే గేటు తాళంచెవి తీసి బియ్యం డబ్బాలో దాచింది. అమ్మమ్మ గొడవ పడలేదు. మూడు రోజులు బాల్కనీలో కూర్చుని కరెంటు తీగ మీది కాకుల్ని చూసింది. అన్నం సగమే తింది. గొడవ పడి ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది.

నాలుగో రోజు ఆదివారం. ఉండబట్టలేక వెళ్లి పక్కన కూర్చుని, ఆ పక్షులు ఎంతెంత ఉన్నాయని అడిగాను.

"రెండు రకాలురా. ఒకటి కాకంత. రెక్కలు మాత్రం కాకి రెక్కల్ని సాగదీసినట్టుంటాయి, చివర నలుపులో తెల్ల చుక్క. రెండోది ఒక్కటే కనిపించింది, గద్దంత. మావైపు ఆ పెద్దవి పడవల వెనకే తిరిగేవి. చిన్నవి ఉప్పుటేట్లోకీ వచ్చేవి, చెరువుల్లోకీ వచ్చేవి. చేప దొరికితే చాలు, వాటికి ఉప్పునీళ్లా మంచినీళ్లా అన్న పట్టింపు లేదు."

మతి తప్పిన మనిషి ఇంత వివరంగా చెప్పదు. మా సార్ కూడా చెప్పడు.

కింద మొక్కలకి నీళ్లు పోస్తున్న ఓనర్ అంకుల్ తలెత్తాడు. ఆయనది నల్గొండ వైపు పల్లె.

"ఏంది, గా తెల్ల పిట్టలా? చలికాలం ఒస్తయ్ గద! మా ఊరి చెర్వుకు గూడ ఒస్తుండె. పెద్దమ్మ కరెక్టే చెప్తున్నది. గా బుక్కు రాసినోడు చెర్వు జూసిండో లేదో!"

"నిజమేనా అన్నయ్యగారూ?" అంది అమ్మ, వంటింట్లోంచి వచ్చి.

"నమ్మకుంటే పోయి జూడమ్మా. ఎల్బీనగర్ అంత దూరం గూడ లేదు."

అమ్మమ్మని తీసుకుని ముగ్గురం వెళ్లాం. నీళ్లలో ఒక కర్ర మీద కాకి, పక్క కర్ర మీద తెల్ల పక్షి. రెండింటిదీ ఒకే సైజు. తెల్లది రెక్కలు విప్పింది. కాకి ఒక్కసారిగా చిన్నదైపోయింది. గద్దంతది రాలేదు, దానికి ఆదివారం సెలవేమో.

ఇంటికి రాగానే అమ్మ బియ్యంలో చెయ్యి పెట్టి తాళంచెవి తీసి, దులిపి, అమ్మమ్మ చేతిలో పెట్టింది. "శాలువా కప్పుకుని వెళ్లు, చలిగా ఉంటోంది" అంది. మా ఇంట్లో క్షమాపణ అలాగే ఉంటుంది.

తర్వాత చదివాను. ఆ చిన్నవి వేసవికి హిమాలయాల అవతలి చెరువులకి వెళ్లి గూళ్లు కడతాయట. సముద్రం వాటికి సొంతూరు కాదు, చలికాలపు హాస్టల్.

ఆ వారమే కోచింగ్ టెస్టులో బిట్టు వచ్చింది: సీగల్ నివాసం? 'సముద్ర తీరం' అని పెట్టాను. మార్కు పడింది. ఉద్యోగం మాత్రం వేరే దారిలో వచ్చింది. ఇప్పుడు మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దాటుతూ ఏ తీగ మీదైనా కాకి కనిపిస్తే, మనసులోనే దాని రెక్కలు కొంచెం సాగదీస్తాను.

ఆ మార్కు సంగతి అమ్మమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.