మా అన్న ఎర్రగా చేయని నేల

పోయిన నెల నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా అన్న కొడుకు కొత్తగా కొనుక్కున్న ఫ్లాట్‌లో చెక్క నేల వేస్తున్నారని తెలిసి, పాత అలవాటు కొద్దీ చూడటానికి వెళ్లాను. తీరా చూస్తే అది చెక్క కాదు, చెక్క రంగూ చెక్క గీతలూ అచ్చు గుద్దిన పలకలు. ఇద్దరు పనివాళ్లు ఒకదాని అంచు ఇంకోదాని గాడిలో టక్కుమని దూర్చుకుంటూ పోయి, భోజనాల వేళకల్లా హాలంతా పరిచేసి, ఒంటికి చిటికెడు పొట్టయినా అంటకుండా వెళ్లిపోయారు. ఆ నేల మీదే కూర్చుని అందరం తింటున్నప్పుడు మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, నలుగురం కలిసినప్పుడల్లా చెప్పే కథను మళ్లీ ఎత్తుకున్నాడు.

“గీ పోరగాండ్లే నయం. మన పెద్దబావకు గిట్ల ఈ పని అప్పజెప్తే ఇల్లంతా కుంకుమ చేసి పెడుతుండె!”

అందరూ నవ్వారు, అన్న కూడా నవ్వాడు. ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు పిల్లకు మాత్రం సంగతి తెలియదు. “నిజమేనా మామా? నేలంత ఎర్రగ చేసిండ్రా?” అని అడిగింది.

“నిజమే బిడ్డా. గప్పుడు నాకు గంత తెలివి యాడిది!” అన్నాడు అన్న, పప్పు కలుపుకుంటూ.

పక్కనే ఉన్న నేను తల వంచుకుని తిన్నాను. పాతికేళ్లు దాటింది నేనిలా తల వంచుకుని తినబట్టి. ఆ నేలను ఎర్రగా చేసింది మా అన్న కాదు, నేను.

మాది చెక్క పాలిష్ పని. బాపు పోయాక అన్నే నన్ను పక్కన పెట్టుకుని పని నేర్పాడు. నిజామాబాద్‌లో మాకు దొరికేవన్నీ తలుపులు, మంచాలు, అద్దాల బీరువాలు. మా వైపు ఇళ్లలో నేలంటే షాబాద్ బండలే కాబట్టి, చెక్క నేల అన్న మాటే ఉండేది కాదు. అది చూడాలంటే క్యాంపులకు పోవాలి. కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి, బోధన్ చుట్టుపక్కల భూములు కొనుక్కున్న రైతుల పల్లెలను మేం క్యాంపులంటాం. వాళ్లలో కాస్త కలిగినవాళ్లు, సముద్రం పక్క ఊళ్లలో వదిలి వచ్చిన ఇళ్ల మీద బెంగ కొద్దీ ఏమో, మేడ మీది హాలుకు టేకు పలకలు పరిపించుకునేవాళ్లు. అలాంటి ఇల్లొకటి కోటగిరి వైపు ఒక క్యాంపులో ఉండేది. ఆ ఇంటి మనవరాలికి ఆదివారం ఓణీల ఫంక్షన్, ఆలోపు మేడ మీది నేల గీకి పాలిష్ పెట్టాలని అన్నకు కబురొచ్చింది.

అన్నకు అది మామూలు పని కాదు. ఆ ఇంటి పెద్దాయన చుట్టాలు నాలుగైదు క్యాంపుల్లో ఉన్నారు, వాళ్లందరి మేడల మీదా ఇలాంటి నేలలే. ఇది బాగా కుదిరితే వరసగా అన్నీ మనకే వస్తాయని, ఆ తర్వాత నిజామాబాద్‌లో పేరు రాసిన బోర్డు పెట్టి దుకాణం తెరవొచ్చని, బస్సులో కోటగిరి దాకా అదే మాట చెప్పాడు. బోర్డు మీద అక్షరాలు ఏ రంగులో ఉండాలో కూడా అనుకున్నాడు.

ఆ పని గుర్తొస్తే ఇప్పటికీ నా మోకాళ్లు సలుపుతాయి, మనసు మాత్రం హాయిగా ఉంటుంది. ముందు చిత్రిక పట్టాలి, తర్వాత ముతక గరుకు కాగితం, ఆ తర్వాత సన్నది, చెక్క ముక్కకు చుట్టి, గీత ఎటు పోతే అటే, వెనక్కి జరుగుతూ రుద్దాలి. నేను తొందరలో అడ్డంగా రుద్దితే, “గీతకు అడ్డం గీకకురా, అది నీ గడ్డం కాదు” అనేవాడు అన్న. కింది నుంచి ఆ ఇంటి అమ్మగారు పంపే కాఫీ, ఆవకాయ ముద్దలు, కిటికీలోంచి బోధన్ వైపు బారులు తీరి పోయే చెరకు బండ్లు, టేకు పొట్టు వాసన. రెండు రోజులు పండగలా గడిచాయి.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ హాల్లో కొన్నేళ్ల పాటు, ధర పెరిగేదాకా ఆపుదామని, ఎండిన పసుపు కొమ్ములు రాశి పోసి ఉంచారు. పసుపు పలకల్లోకి దిగిపోయింది. ఎంత రుద్దినా ఒక మూలన పచ్చదనం వదల్లేదు. మూడో రోజు పాలిష్‌కు లక్క సరిపోదని అన్న నిజామాబాద్ బయల్దేరుతూ, “కాగితంతోనే రుద్దు. నీళ్లు ముట్టియ్యకు, చెక్క నూగు లేస్తది” అని రెండుసార్లు చెప్పి పోయాడు.

నేను ఇరవై మూడేళ్లవాణ్ని, మోకాళ్లు వాచి ఉన్నాయి. జిడ్డు గిన్నెలకు సోడా వేస్తే ఎంత మరకైనా పోతుంది కదా అనుకున్నాను. కిందికి పోయి పనామెను అడిగి బట్టల సోడా తెచ్చి, బకెట్టెడు వేడి నీళ్లలో కలిపి ఆ మూలన కుమ్మరించి చీపురుతో రుద్దాను.

నా కళ్ల ముందే పచ్చటి నేల ఎర్రబడింది. గాభరాపడి ఇంకా రుద్దితే ఇంకా పాకింది. పసుపులో సున్నం వేస్తే ఎర్రనీళ్లవుతాయని మా ఇళ్లలో హారతి పట్టడం చూసిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. సున్నం చేసే పని సోడా కూడా చేస్తుందని నాకు తట్టలేదు.

సాయంత్రం అన్న లక్క సంచితో మెట్లెక్కేసరికి పెద్దాయన అక్కడే నిలబడి ఉన్నాడు. “ఏంటయ్యా ఈ పని! శుభమా అని ఓణీలు పెట్టుకుంటే నెత్తుటి మడుగు చేసి పెట్టారు! ఎవడు చెప్పాడు సోడా పొయ్యమని?”

“అన్ననే సోడా పెట్టి కడగమన్నడు” అన్నాను నేను.

అన్న నా వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత సంచి కింద పెట్టి, “అవును సారూ, నేనే చెప్పిన. తప్పయింది” అన్నాడు.

ఆ పూట మమ్మల్ని కాపాడింది అమ్మగారు. గొడవ విని పైకి వచ్చి, ఆ ఎరుపు చూసి పకపకా నవ్వి, “సోడాకి విరుగుడు పులుపేనయ్యా, ఉండండి” అని పెరట్లోంచి గంపెడు నిమ్మకాయలు తెప్పించింది. ఓణీలు కట్టుకోవాల్సిన పిల్లతో సహా ఇంటిల్లిపాదీ కూర్చుని కాయలు కోస్తుంటే, మేం రసం పిండి రుద్దుతుంటే, ఎరుపు మళ్లీ పచ్చబడింది. తడి ఆరాక అన్న మళ్లీ చిత్రిక పట్టి, శనివారానికల్లా ఆ నేలను అద్దంలా చేశాడు. ఫంక్షన్ బ్రహ్మాండంగా జరిగింది.

కానీ వచ్చిన చుట్టాలు ఆ నేలను కాదు, ఆ కథను మోసుకుపోయారు. క్యాంపుల్లో అన్నకు కుంకుమ మేస్త్రి అని పేరు పడింది. తర్వాత ఒక్క చెక్క నేల పని కూడా మాకు రాలేదు. అన్న తలుపులకూ మంచాలకూ తిరిగి వచ్చాడు, దుకాణం మాట మళ్లీ ఎత్తలేదు. నన్ను ఆనాడూ ఏమీ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

కొత్త కోడలి ముందు కూడా ఆయన ఆ తప్పు నెత్తిన వేసుకోవడం చూశాక నాకిక ఊరుకోబుద్ధి కాలేదు. మరుసటి ఆదివారం అన్న ఇంటికి పోయి, అందరినీ కూర్చోబెట్టి, బావమరిదిని కూడా పిలిపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. వదిన, “మరి నువ్వెందుకు ఒప్పుకున్నవు?” అని అన్నను అడిగింది.

“నాకు పెండ్లయి పిల్లలున్నరు. వీనికి అప్పుడే సంబంధాలు చూస్తున్నం. కుంకుమ మేస్త్రికి పిల్లనెవరిస్తరు?”

“అంటే మా అక్కను మోసం జేసి చేసుకున్నరన్నట్టు!” అని బావమరిది లేచి నిలబడ్డాడు. ఇల్లంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ.

“రేపే కోటగిరి పోయి, క్యాంపులల్ల ఇంటింటికీ చెప్పొస్త” అన్నాను.

“ఎవలకు చెప్తవురా?” అన్నాడు అన్న నెమ్మదిగా. “గా మేడలు ఎన్నడో కూలగొట్టిరి. టేకు పలకలు అమ్ముకుని అంత మార్బల్ ఏసుకున్నరు. ఇప్పుడు ఎవలు పిలుస్తరు మనల్ని?”

అయినా పోయాను. ఆయన చెప్పింది నిజమే. ఆ ఇంటి జాగాలో రెండంతస్తుల డాబా ఉంది, పెద్దాయనా అమ్మగారూ లేరు. గుమ్మంలో నిలబడ్డ వాళ్ల మనవడికి మేడ మీద ఒకప్పుడు చెక్క నేల ఉండేదన్న సంగతే తెలియదు. మచ్చ తుడిచి మా అన్న పేరును తీసుకెళ్లాను గానీ, దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తెలియక, మంచినీళ్లు తాగి వచ్చేశాను.