చెంబులో వినిపించిన గొంతు

ఐదేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. నా లెక్క తప్పని తెలిసిన మరుసటి పొద్దునే ఆ లెక్కను పట్టుకుని ఒక నిర్ణయం జరుగుతుంటే, నేను నోరు విప్పకుండా నిలబడ్డాను. డైరీలో రాసుకున్నాను గానీ మనిషితో చెప్పలేదు.

నిన్న కల్లూరు షేర్ ఆటోలో పక్కన కూర్చున్న ఒక అవ్వ ఫోను నొక్కితే, అందులోంచి మిషను గొంతు ఒకటి "నేడు ఆకాశం పాక్షికంగా మేఘావృతమై ఉంటుంది" అంది. అవ్వ నా వైపు తిరిగి, "ఏమంటాండాది పాపా ఇది?" అని అడిగింది. మబ్బుంటుందంట అన్నాను. "మబ్బని చెప్పనీకి దానికి అంత తిప్పలా!" అని ఆటో అంతా నవ్వేలా అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంటికి పోయి పాత డైరీ తీశాను.

నాలాగా ఆ రోజుల్లో చిన్న ఊళ్ళ చిన్న ఆఫీసుల్లో చేరినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పొద్దున్నే అందరం గుండ్రంగా నిలబడి నిన్న ఏం చేశాం, ఈరోజు ఏం చేస్తాం అని తలా ఒక నిమిషం చెప్పుకునే ఆ అలవాటు. మాది కర్నూలులో ఒక మేడ మీద ఆరుగురి ఆఫీసు. రైతులకు వాన కబురు, విత్తనం అదను చెప్పే యాప్ ఒకటి చేసేవాళ్ళం. రెండు వారాలకొకసారి కొంచెం కొంచెంగా మార్చి విడుదల చేసేవాళ్ళం. చేయవలసిన పనులు పసుపుపచ్చ చీటీల మీద రాసి గోడకంటించేవాళ్ళం. ఎండాకాలం కూలర్ గాలికి అవి రాలిపోతుంటే, మాలో పెద్దదని అందరం అక్కా అని పిలిచే ఆమె తన టిఫిన్ డబ్బాలోంచి అన్నం మెతుకు తీసి చీటీ వెనక రుద్ది అంటించేది. అలా అంటించినవి మళ్ళీ రాలేవి కావు.

నేను మొదట ఆ గుంపులో లేను. మూల గదిలో కూర్చుని, ఎవరు యాప్‌లో ఏది వాడుతున్నారో లెక్కలు తీసి నెలకొక నివేదిక పంపేదాన్ని. దాన్ని ఎవరూ చదివేవారు కారు, నాకదే సుఖంగా ఉండేది. ఒకరోజు ఆఫీసు నడిపే మా సారు, ఇకమీదట లెక్క లేకుండా గోడ మీదికి చీటీ ఎక్కదు అని చెప్పి, నన్ను పిలిచి ఆ గుండ్రంలో నిలబెట్టాడు. కాలేజీలో హాజరు పలకడానికే నాకు గొంతు వణికేది. కానీ నా బదులు గోడ మీది గ్రాఫు మాట్లాడుతుంటే అందరూ తలలూపేవారు. నా మాటకు మనుషులు ఆగి వినడం నా బతుకులో అదే మొదలు.

అక్కది ఆలూరు వైపు పల్లె. వాళ్ళమ్మకు చదువు రాదు. ఆమెలాంటి వాళ్ళ కోసమని అక్క యాప్‌లో వినే బటన్ ఒకటి పెట్టింది. నొక్కితే అక్క గొంతే, వాళ్ళ ఊరి మాటే వినిపించేది. రికార్డు చేసేటప్పుడు శబ్దం రాకూడదని స్టోరు గదిలో ఫ్యాను ఆపి తలుపు వేసుకునేది, చెమటకు తడిసి ముద్దయి బయటికొచ్చేది. "నా గొంతు బాగుండాదా పాపా, గేదె అరిచినట్ల ఉండాదా?" అని ప్రతిసారీ నన్నే అడిగేది.

ఆ వేసవిలో సారు ఖర్చు తగ్గించాలన్నాడు. వాడకం లేనివి తీసేద్దాం, వాటి మీద పనిచేసేవాళ్ళనూ తగ్గించుకుందాం అన్నాడు. బటన్ నిలిస్తేనే అక్క ఉద్యోగం నిలుస్తుందని అందరికీ తెలుసు. ఎన్ని ఫోన్లలో ఏ బటన్ నొక్కుతున్నారో నేను లెక్క తీశాను. వినే బటన్ అన్నిటికన్నా అడుగున ఉంది.

సోమవారం సమావేశం. ముందురోజు ఆదివారం, డోన్ దాటి మా చిన్నమ్మ ఊరికి పోయాను. విత్తనానికి బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఒలవడానికి వీధి ఆడవాళ్ళంతా చిన్నమ్మ వాకిట్లో కూర్చున్నారు. మధ్యలో ఇత్తడి చెంబు, శబ్దం పెద్దదవాలని అందులో నిలబెట్టిన ఫోను. చెంబులోంచి మా అక్క గొంతు గుయ్యిమని వస్తోంది: "ఇంకా నాలుగు దినాలు వాన లేదు, తొందరపడి ఇత్తనం ఎయ్యొద్దండప్పా." ఒక ముసలామె ఒలిచిన తొక్కలు చెంబు మీదికి విసిరి, "మొన్న వస్తాదంటివి గదే, యాడబోయ నీ వాన?" అని దబాయించింది. పక్కామె, "దాన్నేమీ అనొద్దు, మనింటి బిడ్డ మాదిరి చెప్తాండాది" అంది. నేను లెక్కపెట్టాను. పదకొండు మంది ఆడవాళ్ళు, ఒక్క ఫోను. నా గ్రాఫులో ఆ పదకొండు మందికీ లెక్క ఒకటే.

ఆ రాత్రి డైరీలో ఇదంతా రాశాను. కింద, రేపు చెప్పాలి అని రాసి గీత గీశాను.

పొద్దున గుండ్రంగా నిలబడ్డాం. నా గ్రాఫు గోడ మీద ఉంది. లెక్క ఇంత స్పష్టంగా ఉంటే పని ఎంత తేలికో చూడండి అని సారు నన్ను అందరి ముందు మెచ్చుకున్నాడు. ఇంకేమైనా చెప్పాలా అని అడిగాడు. నేను లెక్కించింది ఫోన్లను, మనుషులను కాదు అని చెప్పాలి. చెబితే అందరూ నా వైపు చూస్తారు, ఆ మెప్పు పోతుంది. లేదు సార్ అన్నాను. ఆ రెండు మాటలే. సారు వినే బటన్ చీటీ పీకాడు. కాగితం సగం చిరిగి, ఎండిన మెతుకు గోడకే ఉండిపోయింది.

ఇప్పుడు నేను పనిచేసే చోట గోడ లేదు, చీటీలన్నీ తెర మీదే. లెక్కలు చెప్పేవాళ్ళు లేని జట్టే లేదు, గ్రాఫు నిమిష నిమిషానికీ దానంతటదే మారుతుంది. కొత్తగా చేరిన పిల్లలు ఎంత ధైర్యంగా మాట్లాడతారో చూస్తే ముచ్చటేస్తుంది. నేను మాత్రం ప్రతి అంకె వెనక ఒక చెంబు ఉందేమో అని వెతుక్కుంటాను, ఆలస్యం చేస్తానని మాట పడతాను. అలా వెతకడం ఆ సమావేశానికి ఒక్కరోజు ముందే నేర్చుకున్నాను, అయినా ఉపయోగపడలేదు. పల్లెలో ఆ ఆడవాళ్ళు కొన్నాళ్ళు ఫోను నొక్కి నొక్కి చూశారని, ఆ పిల్లకేమైందని అడిగారని చిన్నమ్మ తరువాత చెప్పింది.

నెల చివర అక్క కడపకు, వాళ్ళాయన పనిచేసే ఊరికి వెళ్ళిపోయింది. ఆమె నంబరు ఇంకా నా ఫోనులో ఉంది. ఆ చివరి సాయంత్రం ఆటో కోసం నిలబడ్డాం, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా పట్టుకుని ఉంది. అక్కా, ఆ లెక్కలో, అని మొదలుపెట్టాను. అంతలో ఆటో వచ్చింది. నేను ఓదార్చబోతున్నానని అనుకుందేమో, ఎక్కి కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వేం బాధపడొద్దు పాపా, నీ లెక్క యాడ తప్పుతాది. నా గొంతే జనానికి నచ్చలేదేమో."