తెడ్డు వెయ్యని నీళ్లు

కంభం చెరువులో పిట్టల మీద తుపాకి పేల్చకూడదని తెల్లదొరల సర్కారు కట్టడి చేసిన కాలమది. మెడలో దుర్భిణి వేసుకుని, కొంగలను చూడడానికే బెజవాడ నుంచి రైలెక్కి వెళ్లాను. ఓబయ్య అనే ముసలి జాలరి నన్ను తన పుట్టిలో ఎక్కించుకున్నాడు. కొంగలన్నీ ఒక మూలనే గుంపు కట్టి ఉన్నాయి. అటు పోనివ్వమంటే ఓబయ్య తెడ్డు ఆపేశాడు.

“ఆడికి రాను నాయనా. నిరుడు నా బిడ్డ ఆడనే మునిగిపోయింది. శవం దొరికేదాకా మావోళ్లు ఎవురూ ఆ నీళ్లల్లో తెడ్డు ఎయ్యరు, వల ఎయ్యరు. ఇంకా దొరకలేదు.”

మనుషుల అలికిడి లేదు గనకనే పిట్టలు అక్కడ చేరాయి. అది తెలిసినా కళ్లు ఊరుకోక దుర్భిణి ఎత్తాను. ఓబయ్య చాలాసేపు నా చేతుల వంకే చూశాడు.

“దాంట్లో నీళ్ల అడుగు గూడా అగపడుతుందా నాయనా?” అన్నాడు.