కాటా మీద పెళ్ళికొడుకు

ఒళ్ళనేది ఎవరిది వాళ్ళకి సొంతమని ఇప్పటి కుర్రాళ్ళు అనుకుంటారు. జిమ్ములో అద్దం ముందు నిలబడి, ఏ కండ ఎంత పెరగాలో, ఏ మడత ఎప్పటికి పోవాలో వాళ్ళే తేల్చుకుంటారు. మేం కుర్రాళ్ళుగా ఉన్న కాలంలో, అంటే ఊరికో ఎస్టీడీ బూతు, దాని ముందు చాంతాడంత వరసా ఉండే రోజుల్లో, ఒళ్ళు ఉమ్మడి ఆస్తి. అందులో అమ్మకో వాటా, బావకో వాటా, ఎదురింటి పిన్నిగారికో వాటా. దాన్ని మోసుకు తిరిగేవాడికి మాత్రం ఏ హక్కూ ఉండేది కాదు.

నేనప్పుడు ధవళేశ్వరంలో కాలవల ఆఫీసులో చిన్న గుమాస్తాని. ద్రాక్షారామం పక్కనున్న మా ఊరి నుంచి రోజూ బస్సులో వేలాడుతూ వెళ్ళొచ్చేవాణ్ణి. పొడుగు ఆరడుగులకి కాస్త తక్కువ, వెడల్పు చెప్పుకోదగ్గది కాదు. కొబ్బరిమట్టకి చొక్కా తొడిగినట్టు ఉండేవాణ్ణి. గాలివాన రోజుల్లో మా అమ్మ నన్ను గుమ్మం దాటనిచ్చేది కాదు (ఓసారి దాటితే కాలవ అవతలి గట్టు మీద దొరికాను. మా పిల్లలు నమ్మరు, మీరైనా నమ్మండి).

ఆ ఏడాది ఆ ఒంటి మీద ఒకేసారి ఇద్దరి కళ్ళు పడ్డాయి. మొదటివి మా బావవి. మా అక్క మొగుడైన ఆయన ఊరి కబడ్డీ జట్టుకి కెప్టెను. పక్కూరివాళ్ళు అరవై కిలోల లోపు వాళ్ళకని పోటీ పెట్టారు. ఏళ్ళ తరబడి జట్టుకి తువ్వాళ్ళూ నిమ్మబద్దలూ అందించిన నాకు ఉన్నట్టుండి విలువొచ్చింది. నా చేతులు చాచితే అవతలి గీత దాకా అందుతాయట. చిక్కల్లా ఒకటే, ఎముకల బరువో ఏమో, రెండు కిలోలు ఎక్కువున్నాను. రెండో చూపు మా అమ్మది. కడియంలో నర్సరీ ఉన్నవాళ్ళ సంబంధం వచ్చింది. అంతకుముందు వచ్చిన సంబంధాలవాళ్ళు నన్ను చూసి "అబ్బాయికి ఛాతీ ఎక్సురే తీయించారాండీ?" అని అడిగి వెళ్ళిపోయారు. ఈసారి అలా జరగకూడదని, బుగ్గలు రావాలని ఆవిడ పట్టు. నా సంగతి అడిగితే, ఫోటోలో ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటున్నట్టు ఉంది. ఆ ఆపుకోవడం నాకు తెగ నచ్చేసింది. జట్టులో ఒక్కసారైనా ఆడాలనీ ఎప్పట్నుంచో ఉంది.

ఇక చూడండి నా బతుకు. తెల్లారకుండానే బావ నన్ను కాలవగట్టు మీద గుర్రంలా పరిగెత్తించేవాడు. ఇంటికి రాగానే అమ్మ సున్నుండలు నేతిలో ముంచి నోట్లో కుక్కేది. ఒకరు తవ్వడం, ఒకరు పూడ్చడం. మా ఆఫీసులో కాంట్రాక్టు పనులు కూడా అంత శ్రద్ధగా జరిగేవి కావు.

"అల్లుడుగారూ, వాడి బుగ్గలు చూశారా? రెండూ లోపలికి పోయి కబుర్లాడుకుంటున్నాయి."

"కబడ్డీ బుగ్గల్తో ఆడరండి అత్తయ్యగారూ."

"పెళ్ళి పిక్కల్తో చేసుకుంటారా ఏంటి?"

వీళ్ళ మధ్య నేను సున్నుండ మింగాలో ఉమ్మాలో తెలియక నోరు తెరుచుకుని నిలబడేవాణ్ణి.

బరువు చూసుకోడానికి ఊళ్ళో ఉన్నది రైసుమిల్లు కాటా ఒక్కటే. ధాన్యం బస్తా దించి నన్ను ఎక్కించేవారు. మిల్లు గుమాస్తా నన్నూ ఆ కంటితోనే చూసి, "తేమ ఎక్కువుందండి. నాలుగెండలు ఆరబెట్టండి, కాటా తగ్గుద్ది" అన్నాడు. అతను వేళాకోళానికన్నాడు. బావకి వేళాకోళం అంటే ఏంటో తెలియదు. రెండు ఆదివారాలు నన్ను మిల్లు సిమెంటు కళ్ళంలో, ధాన్యం రాశుల మధ్య చొక్కా విప్పి పడుకోబెట్టాడు. ధాన్యం తిరగేస్తున్న ఆవిడ నా దగ్గర ఆగి, "ఈ బాబుని కూడా తిరగెయ్యమంటారా అండీ?" అని అడిగింది. తిరగెయ్యమన్నాడు.

ఇంతా చేస్తే, పెళ్ళిచూపులు ఆదివారం సాయంత్రం పడ్డాయి. పోటీకి కాటా సోమవారం పొద్దున్న. అప్పటికి నేను అరవైకి పిసరంత కింద ఉన్నాను. ఒక్క గారె తిన్నా గీత దాటిపోతాను.

కడియంలో గులాబీ కుండీల మధ్య నుంచి నడిపించి మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఎడమ పక్క అమ్మ, కుడి పక్క బావ. నా ముందుకొచ్చిన పళ్ళెంలో పూతరేకులు, మడతకాజాలు, గారెలు. చెయ్యి పళ్ళెం వైపు కదిలితే బావ తొడపాశం పెడుతున్నాడు. వెనక్కి తీస్తే అమ్మ మోచేత్తో డొక్కలో పొడుస్తోంది. అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చున్నా తలెత్తి చూసే తీరిక నాకెక్కడిది?

"తినండి బాబూ, మొహమాటపడకండి," అన్నారు వాళ్ళ నాయనమ్మగారు.

"కడుపు నిండుగా ఉందండి," అన్నాను. సరిగ్గా అప్పుడే నా కడుపు, మిల్లు ఇంజను మొదలైనట్టు, గుడగుడలాడింది.

"మరి ఆ మోతేంటి బాబూ?"

ఆవిడ కళ్ళు చిన్నవి చేసుకుని, నా సన్నటి చేతులు చూసి, ముట్టని పూతరేకులు చూసి, మెల్లిగా అడిగారు. "సుగరా?"

మా అమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. "అయ్యో, మా ఇంటావంటా లేదండీ!"

"ఇప్పుడు చిన్న వయసులోనే వచ్చేస్తందండి. బయటికి చెప్పుకోరు," అన్నారు అమ్మాయి నాన్నగారు, బాధగానే. గోదావరి జిల్లాలో పెళ్ళికొడుకు పూతరేకు వద్దన్నాడంటే వైద్యుణ్ణి పిలవాల్సిన విషయమే మరి. బావ గులాబీ కుండీలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. అత్తగారికి తెలియకుండా తొడపాశాలు పెడుతున్న మనిషి ఏం చెబుతాడు?

అమ్మాయితో మాట్లాడమని నర్సరీలోకి పంపారు. మందార మొక్కల వరస చివర ఆగి ఆవిడే అడిగింది.

"నిజంగా సుగరుందాండి?"

"లేదండి. కబడ్డీ ఉంది." మొత్తం చెప్పేశాను, ఆరబెట్టిన సంగతితో సహా.

"సరే. మీ బావగారు వద్దన్నారు, మీ అమ్మగారు తినమన్నారు. మీకేం చెయ్యాలనుంది?"

ఆ ప్రశ్న అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. "నాకు రేపు ఆడాలనుందండి. ఆ పూతరేకు తినాలనీ ఉంది. మీ నాన్నగారు సరేననాలనీ ఉంది."

"మూడూ ఒకేసారా?"

"అదేనండి వచ్చిన చిక్కు."

ఆవిడ నవ్వు ఆపుకుంటూ లోపలికెళ్ళి, పూతరేకులు ఓ డబ్బాలో సర్ది మా అమ్మ చేతిలో పెట్టింది. వాళ్ళ నాన్నగారు మాత్రం అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "రేపు ఆట చూడ్డానికి మేమూ వస్తామండి. పిల్ల విషయం కదా," అన్నారు. అంటే ఆడటం, పెళ్ళి, రెండూ ఒకే గీత మీదకి వచ్చేశాయన్నమాట.

సోమవారం కాటా గండం గట్టెక్కింది. అయినా బావ పచ్చి మంచినీళ్ళు తాగనివ్వలేదు. "పొట్ట బరువైతే కాలు లేవదురా, ఆగు." ఆగాను. మధ్యాహ్నం ఎండలో మొదటి కూతకి వెళ్ళాను. కబడ్డీ, కబడ్డీ అని రెండోసారి అనేసరికి ఆకాశం పక్కకి తిరిగింది. ఎవరూ ముట్టుకోకుండానే, అవతలి జట్టువాళ్ళు బిత్తరపోయి చూస్తుండగా, నిలువునా పడిపోయాను. జనం మధ్యలోంచి నాయనమ్మగారి గొంతు ఖంగున వినిపించింది. "చెప్పానా? సుగరే!"

విరామంలో నన్ను గీత బయట కూర్చోబెట్టారు. చుట్టూ ముగ్గురూ చేరారు. అమ్మ డబ్బా మూత తీసి "తినరా" అంటుంది. బావ "ఇప్పుడొద్దండి అత్తయ్యగారూ, తిమ్మిరెక్కుద్ది" అంటాడు. "ముందు రక్తం పరీక్ష చేయించండి, ఆ తర్వాతే ఏదైనా" అంటారు అమ్మాయి నాన్నగారు. ముగ్గురూ నా నెత్తి మీదుగా వాదించుకుంటున్నారు, నేను అక్కడ లేనట్టు. వెనక అమ్మాయి నా వైపే చూస్తోంది. ఎక్కడ్నుంచి వచ్చిందో గానీ కోపం వచ్చింది నాకు.

"ఆగండి! ఈ ఒళ్ళు నాదండి!" అని అరిచాను. అవతలి జట్టువాళ్ళు కూడా ఆగిపోయారు. "బావా, నేను ఆడతాను. కానీ తిని ఆడతాను. అమ్మా, రెండు పూతరేకులు చాలు, మూడోది పెట్టావంటే లేచిపోతాను. అయ్యా, నాకు సుగరు లేదండి, ఆకలి. పరీక్ష కావాలంటే రేపు మీరే దగ్గరుండి చేయించండి. ఇప్పుడు మాత్రం పక్కకి జరగండి, గాలాడటం లేదు."

తిన్నాను. ఆ తర్వాత కూతకెళ్ళి ఒక్క ఊపులో నలుగుర్ని ముట్టుకొచ్చాను (బావ ఇద్దరంటాడు. ఆయన లెక్కలు నేనెప్పుడూ నమ్మలేదు). మళ్ళీ వెళ్ళినప్పుడు ఏడుగురూ నా మీద పడుకున్నారు. మేం ఓడిపోయాం, బాగానే ఓడిపోయాం. మట్టి దులుపుకుంటుంటే అమ్మాయి నాన్నగారు దగ్గరికొచ్చి నా భుజం నొక్కి చూశారు, మొక్క మొదలు పట్టుకుని ఊపి చూసినట్టు. "కాండం సన్నమేనండి. వేరు పట్టుకుంది," అని మా అమ్మతో చెప్పి, ఇంక పరీక్ష ఊసెత్తలేదు.

ఓడిన జట్టుకి కూడా ఆ రోజు ఫోటో తీశారు. అది ఇప్పటికీ మా హాల్లో ఉంది. అందరూ గుండెలు విరుచుకుని గంభీరంగా నిలబడ్డారు. చివర్న అందరికంటే పొడుగ్గా, ఎముకలన్నీ లెక్కపెట్టుకునేలా ఉన్నవాణ్ణి నేను. ఒక బుగ్గ మాత్రం బంతిలా ఉబ్బి ఉంది. మా అమ్మాయి మొన్న దాన్ని తుడుస్తూ, "గవదబిళ్ళలా నాన్నా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే వంటింట్లోంచి వాళ్ళమ్మ అందుకుంది. "కాదే, మూడోది."