మామగారు చేసిన గాలి మిషను

మా మామగారు పోయిన వారం కాలం చేశారు. పొద్దున్నే వీధరుగు మీద కుర్చీలో కూర్చుని కాఫీ అడిగారు. నేను గ్లాసు పట్టుకొచ్చేసరికి తల పక్కకి వాల్చి ఉన్నారు. నిద్రేమో అనుకుని, చల్లారిపోతుందండీ అని పిలిచాను. పలకలేదు. డాక్టరుగారు వచ్చి చూసి, “ఏ బాధా తెలియకుండా వెళ్ళిపోయారమ్మా” అన్నారు. అంత ఏడుపులోనూ ఆ మాటకి నా మనసు కుదుటపడింది.

చదివేవారు నా రాతని మన్నించాలి. నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఒత్తులు తప్పుతుంటాయి, వరసలు కిందికి జారిపోతుంటాయి. నలుగురిలో నోరు విప్పి చెప్పలేను గనక ఇలా రాస్తున్నాను.

మాది మండపేట. ఇంటి ముందుగదిలోనే మావారి ఫోటో స్టూడియో. ఎవరైనా పోతే వాళ్ళ పాత ఫోటో తెచ్చి, పెద్దకర్మ నాటికి పెద్దది చేసిమ్మంటారు. పెళ్ళి గుంపులోంచి ఆ ఒక్క ముఖాన్నే తీసి పెద్దది చేస్తే వెనకాల పక్కవాళ్ళ భుజాలు, పందిరి గుంజలు కనిపిస్తాయి. అవన్నీ పోయేలా మబ్బులాంటి రంగు చల్లాలి. దానికి మావారు రాజమండ్రిలో ఎవరో వాడి వదిలేసిన గాలి బ్రష్షు ఒకటి కొన్నారు. కలం అంత ఉంటుంది. గాలి అందిస్తే మంచులా రంగు చల్లుతుంది.

ఆ గాలి నేనే అందించేదాన్ని. లారీ ట్యూబు ఒకటి తలుపు తెర వెనక పెట్టుకుని, సైకిలు పంపుతో కొట్టి నింపుతూ ఉండేదాన్ని. ముందుగదిలోకి వచ్చేవాళ్ళకి నేను కనపడను. గాలి తగ్గితే మావారు దగ్గేవారు, నేను మళ్ళీ పంపు మీదకి వంగేదాన్ని. పెళ్ళైన కొత్తలో అదొక ఆటలా ఉండేది.

తరవాత మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు మూడో నెలలో పోయింది. కడుపుతో ఉన్న సంగతి ముందే ఊరంతా చెప్పుకున్నాం. అందుకని రెండోసారి మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. మావారికీ, అత్తయ్యకీ కూడా చెప్పలేదు. చెప్పకపోతే పంపు కొట్టక తప్పదు. కొట్టేటప్పుడల్లా పొట్ట బిగపట్టుకుని, దేవుడా, ఈసారి ఉండనీ అని మనసులో అనుకునేదాన్ని.

మామగారు సినిమా హాల్లో ఆపరేటరుగా చేసి మానేశారు. చెవి మీద ఎప్పుడూ ఒక సన్న స్క్రూడ్రైవరు ఉండేది. స్నానానికి వెళ్తూ దాన్ని తులసికోట మీద పెట్టేవారు. ఆయనకో చిత్రమైన అలవాటు ఉండేది. మనుషుల్ని నువ్వు అన్నా అనేవారు గానీ, మోటార్లనీ ఫ్యాన్లనీ మాత్రం మీరు అనేవారు. తిరగని టేబులు ఫ్యాను ముందు కూర్చుని, “ఏం నాయుడుగారూ, అలక తీరలేదాండీ?” అని అడుగుతుంటే నేను వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

నాతో మాట్లాడింది తక్కువ. “అమ్మాయ్, మంచినీళ్ళు”, “అమ్మాయ్, వాన వస్తోంది, బట్టలు తీయి.” అంతే. కోడలితో అంతకన్నా ఏం మాట్లాడతారు? కానీ ఆ రోజుల్లో నేను కాఫీ తాగడం మానేసి అందరికీ కలిపి ఇచ్చి పెరట్లోకి వెళ్ళిపోవడం ఆయన చూశారు. పంపు మధ్యలో ఆపి గోడకి ఆనుకోవడం కూడా చూశారు.

ఒక పొద్దున పంపు పనిచేయలేదు. ఎంత కొట్టినా గాలి లేదు. మావారు విప్పి చూస్తే లోపల తోలు వాషరు లేదు.

“వాషరు ఎలా పోతుంది నాన్నా? విప్పితేనే కదా పోయేది!”

“తోలు కదరా. ఎలక లాక్కుపోయుంటుంది.”

“మూత బిగించి ఉంటే ఎలక ఎలా లాగుతుంది?”

“మన ఇంటి ఎలకలు నీకన్నా తెలివైనవి. నేను తెస్తాలే కొత్తది.”

తేలేదు. మర్నాడు అడిగితే ఆ సైజు లేదట అన్నారు. ఆ మధ్యాహ్నం నేను బట్టలు నానబెడుతూ ఆయన చొక్కా జేబు తడిమితే చేతికి మెత్తగా తగిలింది. తోలు వాషరు. నూనె జిడ్డుతో, గుండ్రంగా. నూతి దగ్గర అలాగే కూర్చుండిపోయాను. తరవాత చొక్కా ఉతికి ఆరేసి, మడతపెట్టినప్పుడు దాన్ని మళ్ళీ అదే జేబులో పెట్టాను. ఆ రోజు రాత్రి చాలాకాలానికి ఒళ్ళెరగకుండా నిద్రపోయాను.

ఆ వారంలోనే హాలు క్యాంటీనులో పారేసిన ఫ్రిజ్‌ని రిక్షాలో వేయించుకొచ్చారు. తలుపు లేదు, అడుగంతా తుప్పు. అత్తయ్య మొహం చిట్లించుకుని, “ఇంట్లో ఉన్న ఇనుము చాలలేదా?” అంది. “దీని గుండె బాగానే ఉందే” అన్నారాయన. గుండె అంటే వెనక కింద నల్లటి కుండలాంటిది. దాన్ని కోసి తీసి, కరెంటు ఇచ్చి, “లేవండి సార్, చాలాకాలం పడుకున్నారు” అన్నారు. అది గుర్రుమంది. దానికి రెండు గొట్టాలు. నన్ను పిలిచి, “అమ్మాయ్, ఇక్కడ వేలు పెట్టు” అన్నారు. ఒక గొట్టం వేలిని లోపలికి పీల్చుకుంది. రెండోది బయటికి తోసింది. “అంతే. గాలికి దారి చూపిస్తే చాలు, పని అదే చేసుకుంటుంది. మనిషి వంగక్కర్లేదు.” ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన నా వంక చూడలేదు, గొట్టం వంకే చూశారు.

గాలి నిలవ ఉండటానికి హాల్లో పారేసిన మంటలార్పే డబ్బా తెచ్చారు. దాన్నిండా నీళ్ళు పోసి ఒత్తిడి పెట్టి, పగలదని నమ్మకం కుదిరాకే వాడారు. అతుకుల మీద సబ్బు నురగ రాసే పని నాది. బుడగ లేస్తే అక్కడ గాలి పోతున్నట్టు. గాలి ఎక్కువైతే డబ్బాకి ప్రమాదం, దానికేం చేద్దామా అని ఆయన తల గోక్కుంటుంటే, నేను లోపలికెళ్ళి మా పుట్టింటివాళ్ళిచ్చిన కుక్కరు వెయిటు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. “ఒసేయ్, కోడలు నీకన్నా నయం” అని అత్తయ్యని పిలిచి మరీ చెప్పారు. అది మొదలు మా ఇంట్లో పప్పు గిన్నెలోనే ఉడికింది.

పని మొదలుపెట్టే రోజు అత్తయ్య మిషనుకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, అన్నిచోట్లా కుంకుమ బొట్లు పెట్టింది. గాలి పీల్చే గొట్టం మూతికి కూడా కాస్త దిట్టంగా పెట్టింది. మావారు ఒక ముసలావిడ ఫోటో మీద బ్రష్షు పెట్టారు. రేపే ఆవిడ పెద్దకర్మ. బూడిదరంగు మబ్బు చక్కగా పడుతోంది. అంతలో భుజం పక్కన ఎర్రటి చుక్క పడింది. తరవాత నాలుగు. తరవాత లెక్కలేనన్ని.

“అమ్మా! ఏం చేశావే!”

“నేనేం చేశాను? ముత్తయిదువగా పోయిన ఆవిడేగా, కుంకుమ పడితే తప్పేంటి?”

మామగారు నవ్వాపుకోలేక నేల మీద కూర్చుండిపోయారు. కళ్ళు తుడుచుకుని లేచి, పీల్చే గొట్టం మూతికి నా పాత రవిక గుడ్డ మడతపెట్టి కట్టారు. నూనె తుంపర ఆగడానికి దారిలో ఒక గాజు సీసాలో దూది పెట్టారు. మావారు ఇంకో ఫోటో కడిగి మళ్ళీ చేశారు. మర్నాడు పొద్దునకి ఆవిడ మబ్బులో ఒక్కర్తీ హాయిగా కూర్చుని ఉంది.

నేను మళ్ళీ పంపు ముట్టుకోలేదు. మూడో నెల దాటింది, నాలుగో నెల దాటింది. అప్పుడు చెప్పాను. అందరూ ఆశ్చర్యపోయారు. మామగారు మాత్రం, “అలాగా, మంచిది” అని చెవి మీది స్క్రూడ్రైవరు సర్దుకున్నారు. పాప పుట్టింది. ఇప్పుడు నాలుగేళ్ళది.

నిన్న మావారు ఆయన ఫోటోకే వెనకాల రంగు చల్లుతూ, మధ్యలో ఆపి, “నాన్న లేకపోతే నువ్వింకా ఆ పంపు కొడుతూనే ఉండేదానివేమో” అన్నారు. అప్పుడు చెప్పేశాను, వాషరు సంగతి. మావారు బ్రష్షు కింద పెట్టారు. “ఎలకన్నాడే!” అని నవ్వబోయి, మొహం అటు తిప్పుకున్నారు. మావారికి చెప్పానన్నది తలుచుకుంటే నాకు ఒళ్ళంతా తేలికైనట్టుంది.

సంపాదకులవారూ, ఇది అచ్చువేయదగింది కాదనిపిస్తే తిప్పి పంపకండి. మీ ఇంటి పొయ్యిలోనే వేసేయండి.

నిన్న మామగారి ఫోటో పూర్తయ్యాక బ్రష్షు కడిగి, డబ్బాలో మిగిలిన గాలి వదిలేస్తున్నారు మావారు. పాప ఆ గాలికి ఎదురెళ్ళి మొహం పెట్టింది. రంగు లేని ఉత్త గాలి. దాని ముంగురులు వెనక్కి లేచాయి. కళ్ళు గట్టిగా మూసుకుని, డబ్బా ఖాళీ అయ్యేదాకా నవ్వుతూ అలాగే నిలబడింది.