ఏ బీఎస్సీ అని అడగలేదు

అవి డెబ్బైల చివరి రోజులు. మాకు పెళ్ళయి మూడేళ్ళు. ఆ అక్టోబరులో ఎర్రబారిన ఆకులు చూద్దామని మేముండే అరోరా నుంచి ఎనిమిది గంటలు ప్రయాణం చేసి కీవీనా ద్వీపకల్పం చివరికి వెళ్ళాం.

కారు దిగాక నా భార్య చెట్ల వైపు తలెత్తనైనా లేదు. సుపీరియర్ సరస్సు ఒడ్డున నల్లటి బండలు ఒక పక్కకు ఒరిగి నీళ్ళలోకి దిగిపోతున్నాయి. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, కాళ్ళకు వేసుకున్న నా పాత బూట్లతోనే ఆ బండల మీద మోకాళ్ళూనింది. తడి వేలితో రాయిని రుద్దింది. రాయి నిండా చిన్న చిన్న గుంటలు, వాటిలో తెల్లగా ఏదో గట్టిపడి ఉంది.

"ఇదంతా లావా అండీ! నేల చీలి పొంగింది. పొర మీద పొర."

"రాళ్ళ కోసమా ఇంత దూరం డ్రైవ్ చేసింది? చలేస్తోంది, పద."

"మీరు కార్‌లో కూర్చోండి. నేను వస్తాను."

నేను కూర్చోలేదు. ఆమె అలా మాట్లాడటం అదే మొదటిసారి.

కాస్త అవతల ఒక మాస్టారు కాలేజీ విద్యార్థులను నిలబెట్టి, ఒరిగిపోయిన ఈ పొరకు అసలు పైభాగం ఎటువైపని అడుగుతున్నాడు. వాళ్ళు నోట్‌బుక్కులు తిరగేస్తున్నారు. నా భార్య వెనకనుంచి, తడబడే ఇంగ్లీషులో, "నీళ్ళ వైపు. లావాలో గాలి బుడగలు పైకి పోతాయి. వాటి గుంటలు అటే ఎక్కువ," అంది.

ఆయన ఆమెనూ, చీరనూ, బూట్లనూ చూశాడు. "ఎక్కడ చదువుకున్నావమ్మా?"

"విశాఖపట్నంలో. జియాలజీ."

ఆ మాట నేనూ అప్పుడే విన్నాను. తిరిగి వస్తూ చాలా మైళ్ళ తర్వాత అడిగాను.

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"పెళ్ళిచూపుల్లో మావాళ్ళు బీఎస్సీ అన్నారు. ఏ బీఎస్సీ అని మీరు అడగలేదు."

కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది. "మళ్ళీ చదువుతావా?" అన్నాను. అద్దంలోంచి బయటికి చూస్తూ, "అప్లై చేస్తే తీసుకుంటారా?" అంది. ఆ మాస్టారు ఒక చీటీ మీద మా ఊరికి దగ్గరి కాలేజీ పేరు రాసిచ్చాడట. అప్పటికే దాన్ని బ్యాగ్‌లో భద్రంగా దాచుకుంది.

జనవరిలో, మొదటి రోజు, మంచులో నేనే ఆమెను ఆ కాలేజీ దగ్గర డ్రాప్ చేశాను. మధ్యాహ్నం ఆఫీస్‌కి ఫోన్ చేసింది.

"ల్యాబ్‌లో స్టూల్స్ ఎంత ఎత్తో తెలుసా? నా కాళ్ళు నేలకు అందట్లేదు!"

ఫోన్లో ఒకటే నవ్వు. ఎంతకీ ఆపదే.